తిరస్కారం నుంచి ఆదరణకు: ‘ది థింగ్’ (1982) చలనచిత్ర స్వీకరణ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

జాన్ కార్పెంటర్ దర్శకత్వంలో 1982లో విడుదలైన ‘ది థింగ్’ అమెరికన్ చిత్రం, వైజ్ఞానిక కల్పనను భయానకంతో మేళవించిన రచన. విడుదలైనప్పుడు విమర్శకులు దీనిని తీవ్రంగా నిరసించారు. ప్రేక్షకులు ఆదరించలేదు. తర్వాతి దశాబ్దాల్లో ఇదే చిత్రం ఆ ప్రక్రియలో అత్యుత్తమమైన వాటిలో ఒకటిగా గుర్తింపు పొందింది. ఈ మధ్యకాలంలో చిత్రంలో ఒక్క దృశ్యం కూడా మారలేదు. కాబట్టి మార్పు చూసేవారిలోనూ, చూసే పద్ధతిలోనూ వచ్చి ఉండాలి. ఆ మార్పుకు కారణాలను చారిత్రకంగా పరిశీలించడం, తొలి విమర్శకులు దోషాలుగా ఎంచినవే తర్వాతివారికి గుణాలుగా ఎలా కనిపించాయో భారతీయ రససిద్ధాంతం సహాయంతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైజ్ఞానిక కల్పన, భయానకం, బీభత్సం, స్వీకరణ చరిత్ర, జాన్ కార్పెంటర్, చలనచిత్ర విమర్శ, జుగుప్స.

1. ఉపోద్ఘాతం

ఒక కృతిపై సమకాలికులు ఇచ్చిన తీర్పును తర్వాతి తరాలు తిరగరాయడం సాహిత్యచరిత్రలో అరుదు కాదు. ‘మాలతీమాధవం’ ప్రస్తావనలో భవభూతి, తనను చిన్నచూపు చూసినవారిని తలచుకొని, తన విలువ తెలిసినవాడు ఎప్పటికైనా పుట్టకపోడన్న నమ్మకాన్ని ప్రకటించాడు. అలాంటి సందర్భాల్లో సాధారణంగా “కాలమే న్యాయం చేసింది” అని చెప్పి ఊరుకుంటాం. అయితే కాలం తనంతట తాను న్యాయం చేయదు. మరుగున పడి మళ్ళీ వెలుగు చూడని కృతులు అసంఖ్యాకం. ఒక కృతి పునర్జీవితం పొందిందంటే అందుకు నిర్దిష్టమైన కారణాలు, సాధనాలు ఉంటాయి.

పాఠకుడు ఒక కృతిని శూన్యంలో చదవడు, అంతకుముందు చదివినవి ఏర్పరచిన అపేక్షల పరిధిలో చదువుతాడు అని జర్మన్ పండితుడు హన్స్ రాబర్ట్ యౌస్ 1967లో ప్రతిపాదించాడు. ఆ పరిధి మారినప్పుడు కృతి విలువ కూడా మారుతుంది. ఈ సూత్రాన్ని పరీక్షించడానికి ‘ది థింగ్’ చక్కని ఉదాహరణ. ఇది విడుదలైన రోజునే, అంటే 1982 జూన్ 25న, రిడ్లీ స్కాట్ తీసిన ‘బ్లేడ్ రన్నర్’ కూడా విడుదలై నిరాశపరచింది. తర్వాత దానికీ గౌరవం దక్కింది. కానీ ‘బ్లేడ్ రన్నర్’కు 1992లో నేపథ్య వ్యాఖ్యానాన్ని తొలగించి, ముగింపును మార్చిన కొత్త కూర్పు వచ్చింది. దాని పునరుత్థానంలో ఆ కూర్పుకు కొంత పాత్ర ఉంది. ‘ది థింగ్’ అలా కాదు. నిరసన పొందినదీ, ప్రశంస పొందినదీ ఒకే కూర్పు.

2. మూలకథ, పూర్వచిత్రం

ఈ చిత్రానికి మూలం జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ రాసిన ‘హూ గోస్ దేర్?’ అనే పెద్దకథ. డాన్ ఎ. స్టువర్ట్ అనే కలంపేరుతో 1938 ఆగస్టులో ‘అస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ పత్రికలో వెలువడింది. అంటార్కిటికాలోని పరిశోధకులు మంచులో గడ్డకట్టిన గ్రహాంతర జీవిని బయటకు తీస్తారు. అది బతికి, తాను తాకిన ప్రాణిని తనలో కలుపుకొని, అచ్చం ఆ ప్రాణిలాగే మారగలదు. ఎవరు మనిషో, ఎవరు కాదో తేల్చడమే కథ. చివరికి మనుషులే గెలుస్తారు.

1951లో హవర్డ్ హాక్స్ నిర్మాతగా, క్రిస్టియన్ నైబీ దర్శకుడిగా ‘ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్’ వచ్చింది. కథలోని అనుకరణశక్తిని ఇందులో పూర్తిగా వదిలేశారు. ఇక్కడి జీవి మనిషి ఆకారంలో ఉన్న వృక్షజాతి ప్రాణి. శత్రువు ఎవరో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. బృందం కలిసికట్టుగా పోరాడి దానిని సంహరిస్తుంది. కార్పెంటర్‌కు ఈ చిత్రమంటే అభిమానం. ఆయన 1978లో తీసిన ‘హాలోవీన్’లో పిల్లలు టీవీలో చూసేది దీనినే.

1982 చిత్రం పాత చిత్రాన్ని కాదని మూలకథకు తిరిగి వెళ్ళింది. బిల్ లాంకాస్టర్ రాసిన చిత్రానువాదంలో పన్నెండుమంది పురుషులు అంటార్కిటికా స్థావరంలో ఉంటారు. నార్వే బృందానికి చెందిన హెలికాప్టర్ ఒక కుక్కను తరుముతూ అక్కడికి వస్తుంది. నార్వేజియన్లు చనిపోతారు, కుక్క స్థావరంలో చేరుతుంది. ఆ కుక్కే గ్రహాంతర జీవి. అక్కడి నుంచి ఒకరొకరే దాని బారిన పడతారు. ఎవరు ఎప్పుడు మారారో మిగిలినవారికి తెలియదు, ప్రేక్షకులకూ తెలియదు. చివరికి స్థావరమంతా తగలబడిపోగా, మాక్రెడీ, చైల్డ్స్ అనే ఇద్దరు మాత్రమే మిగులుతారు. ఇద్దరిలో ఒకరు మనిషి కాకపోవచ్చు. ఆరిపోతున్న మంటల మధ్య ఒకే సీసాలోని మద్యాన్ని పంచుకుంటూ చలికి గడ్డకట్టడానికి ఎదురుచూస్తారు. మూలకథలోనూ, 1951 చిత్రంలోనూ నిశ్చయంగా ఉన్న విజయం ఇక్కడ అనిశ్చయంగా మిగిలింది.

3. 1982 వేసవి: తిరస్కార స్వరూపం

కార్పెంటర్‌కు పెద్ద నిర్మాణసంస్థలో ఇదే తొలి చిత్రం. యూనివర్సల్ సంస్థ సుమారు 1.5 కోట్ల డాలర్లు వెచ్చించింది. ఉత్తర అమెరికాలో వసూలైనది దాదాపు 1.96 కోట్ల డాలర్లు. సంస్థ ఆశలకు ఇది చాలా దూరం. రెండు వారాల ముందు, జూన్ 11న, అదే సంస్థ విడుదల చేసిన స్టీవెన్ స్పీల్‌బర్గ్ చిత్రం ‘ఇ.టి.’ తొలి విడుదలలోనే అమెరికాలో 35 కోట్ల డాలర్లకు పైగా రాబట్టింది. అందులోని గ్రహాంతరవాసి పసివాడికి స్నేహితుడు. ఆ వేసవిలో ప్రేక్షకులు గ్రహాంతరవాసి కోసం కన్నీరు పెట్టుకున్నారు. వెనువెంటనే, గ్రహాంతరవాసి మిత్రుడి ముఖం తొడుక్కుని వచ్చే కథను చూడమంటే వారికి మనసొప్పలేదు. దేశం అప్పుడు ఆర్థికమాంద్యంలో ఉంది. ఆ ఏడాది చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. ఆశను కోరుకునే కాలంలో ఈ చిత్రం ఆశకు తావివ్వలేదు.

విమర్శకుల స్పందన మరింత కఠినంగా ఉంది. ‘న్యూయార్క్ టైమ్స్’లో విన్సెంట్ కాన్బీ దీనిని తెలివితక్కువదిగా, నిస్పృహ కలిగించేదిగా, హంగు మితిమీరినదిగా వర్ణించి చెత్త కింద జమకట్టాడు. రోజర్ ఈబర్ట్ దీనిని వాంతి తెప్పించే చిత్రాల కోవలో చేర్చి, పాత్రచిత్రణ పైపైనే ఉందన్నాడు. ‘న్యూస్‌వీక్’ విమర్శకుడు డేవిడ్ ఆన్సెన్ క్రౌర్యం కోసమే క్రౌర్యాన్ని చూపే కొత్త సౌందర్యదృష్టికి ఇది నిదర్శనమని ఆక్షేపించాడు. 1951 చిత్ర దర్శకుడు నైబీ సైతం రక్తపాతాన్ని తప్పుపట్టాడు. వైజ్ఞానిక కల్పనాభిమానుల కోసం వెలువడే పత్రికలూ దీనిని కాపాడలేదు. ‘సినీఫెంటాస్టిక్’ పత్రిక, ప్రపంచంలో ఎక్కువమంది అసహ్యించుకున్న చిత్రం ఇదేనా అన్న అర్థం వచ్చే ప్రశ్నను ముఖపత్రంపైనే ముద్రించింది. ఎన్నియో మోరికోనె కూర్చిన సంగీతం అధమ సంగీతానికి ఇచ్చే రాజీ పురస్కారానికి నామనిర్దేశం పొందింది.

ఈ తిరస్కారానికి మూల్యం చెల్లించినది దర్శకుడు. యూనివర్సల్‌లో కార్పెంటర్ చేయవలసి ఉన్న ‘ఫైర్‌స్టార్టర్’ చిత్రం ఆయన చేజారింది. ఈ వైఫల్యం తనను ఎంతగా గాయపరచిందో ఆయన తర్వాతి దశాబ్దాల్లో అనేక సంభాషణల్లో చెప్పాడు. ముందస్తు ప్రదర్శనలో ఒక యువతి చివరి ఇద్దరిలో అసలు జీవి ఎవరని అడిగిందనీ, మీరే ఊహించుకోవాలని తానంటే అలాంటివి తనకు నచ్చవని ఆమె బదులిచ్చిందనీ ఆయన పలుమార్లు గుర్తుచేసుకున్నాడు. చిత్ర వైఫల్యానికి ఆ ఒక్క సంభాషణే సారాంశం.

4. తొలి విమర్శకుల అభ్యంతరాలు: వర్ణన, మూల్యాంకనం

తొలి విమర్శకులను రసహీనులుగా తోసిపుచ్చడం సులభమే గాని సమంజసం కాదు. వారి అభ్యంతరాలు ప్రధానంగా మూడు: జుగుప్స మితిమీరింది, పాత్రలు పలచగా ఉన్నాయి, ముగింపు నిరాశామయం. ఈ మూడూ చిత్రంలో నిజంగానే ఉన్నాయి. నేటి అభిమానులు కూడా వీటిని కాదనరు. అంటే తొలివారి వర్ణనలో తప్పు లేదు. ఆ లక్షణాలు కథలో ఏ పని చేస్తున్నాయన్న ప్రశ్న వారు వేయలేదు.

పాత్రల విషయమే చూద్దాం. ఈ పన్నెండుమంది గతం, కుటుంబాలు, కోరికలు మనకు తెలియవు. మరొక కథలో ఇది లోపమే. ఇక్కడ కథకు ఇరుసు అదే. ఒక మనిషి స్థానంలో అతని ప్రతిరూపం వచ్చి కూర్చున్నా పక్కవారు గుర్తించలేకపోయారంటే, అతని గురించి వారికి ముందునుంచే తెలిసింది తక్కువ అని అర్థం. నెలల తరబడి ఒకే కప్పు కింద ఉన్నా వారు పరాయివారే. ప్రేక్షకుడికి కూడా అంతకు మించి తెలియనివ్వకపోవడం ద్వారా దర్శకుడు అతడిని పదమూడోవాడిగా ఆ స్థావరంలో కూర్చోబెట్టాడు.

ముగింపు విషయంలోనూ అంతే. మాక్రెడీ బయటపడి, రక్తపరీక్షలో మనిషిగా తేలే దృశ్యాన్ని ముందుజాగ్రత్తగా చిత్రీకరించారు. కార్పెంటర్ దానిని వాడలేదు. ఆరంభంలో మాక్రెడీ చదరంగంలో తనను ఓడించిన కంప్యూటర్‌లో మద్యం పోసి దానిని పాడుచేస్తాడు. చివర అదే మద్యాన్ని తన ప్రత్యర్థి కావచ్చునని తెలిసిన మనిషికి అందిస్తాడు. ఓటమిని భరించలేనివాడు ఫలితం తేలని ఆటను అంగీకరించేవాడు కావడం ఈ కథలోని ఏకైక పరిణామం. గెలుపు కోసం చూసిన కళ్ళకు అది కనిపించలేదు.

5. పునర్మూల్యాంకనానికి దారితీసిన కారణాలు

5.1 వీడియో టేపు, పునర్దర్శనం

తొలి కారణం సాంకేతికమైనది. ఎనభయ్యవ దశకం చివరికి అమెరికాలోని అధికభాగం ఇళ్లకు వీడియో ప్లేయర్లు చేరాయి. థియేటర్‌లో ఒక్కసారి చూసి వదిలేసిన చిత్రాన్ని ఇంట్లో ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసే వీలు కలిగింది. ఏ చిత్రానికైనా ఇది సౌకర్యమే. ‘ది థింగ్’ విషయంలో ఇది దాదాపు అవసరం.

చిత్రారంభంలో కుక్క ఒక గదిలోకి నడిచి వెళ్తుంది. గదిలో ఉన్న మనిషి నీడ మాత్రమే గోడపై కనిపిస్తుంది. ఆ నీడ ఎవరిది? రక్తం నిల్వచేసిన పెట్టెను తాళంచెవితో తెరిచి నాశనం చేసినదెవరు? ఫ్యూక్స్ ఎలా చనిపోయాడు? ఈ ప్రశ్నలకు చిత్రం నేరుగా సమాధానం ఇవ్వదు, ఆనవాళ్ళు మాత్రం వదులుతుంది. ఒక్కసారి చూసినవారికి రక్తమే గుర్తుంటుంది. మళ్ళీ చూసినవారు ఎవరు ఎక్కడ ఎప్పుడు ఒంటరిగా ఉన్నారో లెక్క వేయడం మొదలుపెడతారు. అన్నిటికంటే విశేషమైనది మొదటి ఘట్టం. నార్వేజియన్ తుపాకి ఎక్కుపెట్టి, అది కుక్క కాదని తన భాషలో అరుస్తాడు. ఉపశీర్షికలు లేవు. కథా రహస్యమంతా మొదటి నిమిషాల్లోనే బహిరంగంగా చెప్పేశారు. భాష తెలియకపోవడం వల్ల అమెరికన్లూ ప్రేక్షకులూ దానిని వినలేకపోయారు.

5.2 రక్తపరీక్ష: చరిత్ర చేర్చిన అర్థం

చిత్రంలో అత్యంత ప్రసిద్ధమైన ఘట్టం రక్తపరీక్ష. మాక్రెడీ అందరినీ కట్టేయించి, ఒక్కొక్కరి రక్తాన్ని గాజుపాత్రల్లో తీసి, కాల్చిన తీగను అందులో ముంచుతాడు. మనిషి రక్తమైతే సుయ్యిమంటుంది, ఆ జీవిదైతే ప్రాణమున్నట్టు ఎగిరి తప్పించుకుంటుంది. ఈ ఆలోచన 1938 నాటి మూలకథలోనే ఉంది.

తర్వాత ఎయిడ్స్ అని పేరు పెట్టిన వ్యాధి గురించి అమెరికా ప్రజారోగ్య సంస్థ తొలి నివేదిక ప్రచురించినది 1981 జూన్ 5న. ఆ పేరు స్థిరపడినది 1982 సెప్టెంబరులో. హెచ్‌ఐవిని గుర్తించే రక్తపరీక్షకు అనుమతి లభించినది 1985 మార్చిలో. కాబట్టి ఈ చిత్రాన్ని ఎయిడ్స్ గురించి తీశారనడం కాలక్రమరీత్యా చెల్లదు. కానీ 1985 తర్వాత చూసినవారికి ఆ ఘట్టం మునుపటిలా ఉండే అవకాశం లేదు. బయటికి ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో ఏముందో తెలియక పక్కవాడిని అనుమానంగా చూసే సమాజం అప్పటికి కల్పన కాదు. చిత్రంలో బ్లెయిర్ అనే శాస్త్రవేత్త కంప్యూటర్ ముందు కూర్చుని, ఈ జీవి జనావాసాలకు చేరితే తొలి సంపర్కం నుంచి 27,000 గంటల్లో ప్రపంచ జనాభా అంతటికీ సోకుతుందని తెలుసుకుంటాడు. 2020లో కోవిడ్ కాలంలో ఆ తెర మీద అంకెలను చూసినవారికి అవి మరో అర్థం ఇచ్చాయి. రచయిత ఉద్దేశించని అర్థాన్ని చరిత్ర కృతికి చేర్చగలదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణలు తక్కువ.

5.3 చేతిపనికి వచ్చిన విలువ

మూడో కారణం రూపకల్పనకు సంబంధించినది. జీవి రూపాలను తయారుచేసిన రాబ్ బాటిన్‌కు అప్పుడు ఇరవై రెండేళ్ళు. వారానికి ఏడు రోజుల చొప్పున ఏడాదికి పైగా పనిచేసి, చివరికి అలసటతో ఆసుపత్రి పాలయ్యాడు. అతనికి తోడుగా కుక్క రూపాంతరాన్ని స్టాన్ విన్‌స్టన్ బృందం తయారుచేసింది. రబ్బరు, ప్లాస్టిక్‌తో పాటు జెలటిన్, మేయొనీజ్, స్ట్రాబెర్రీ జామ్, కరిగించిన బబుల్‌గమ్ వంటివి ఈ వికృతరూపాలకు ముడిసరుకు. 1982లో ఇవి అతిగా తోచాయి.

1993లో ‘జురాసిక్ పార్క్’ తర్వాత కంప్యూటర్ సృష్టించిన రూపాలు తెరను ఆక్రమించాయి. బరువు లేని ఆ రూపాలతో కళ్ళు అలసిన తరానికి, నటుడి ఎదుటే కెమెరా ముందు నిజంగా కదిలి, చీలి, కారిన బాటిన్ వస్తువులు అపురూపంగా కనిపించాయి. 2011లో ఇదే కథకు పూర్వగాథగా మరో చిత్రం వచ్చింది. దానికోసం చేతితో చేసిన రూపాలను తర్వాత కంప్యూటర్ బొమ్మలతో కప్పేశారు. ఆ నిర్ణయంపై వచ్చిన విమర్శ 1982 చిత్రానికి పరోక్ష ప్రశంస అయింది. మోరికోనె సంగీతానికీ ఇదే గతి పట్టింది. ఈ చిత్రానికి కూర్చినా వాడకుండా మిగిలిన కొన్ని భాగాలను క్వెంటిన్ టరంటినో 2015 నాటి ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’లో వాడుకున్నాడు. ఆ చిత్ర సంగీతానికి మోరికోనె ఆస్కార్ అందుకున్నాడు.

6. బీభత్సం నుంచి భయానకం: రసదృష్టి

తొలి విమర్శకుల ప్రధాన వాదన ఏమిటంటే, అసహ్యం పెరిగిన చోట భయం చచ్చిపోతుందని. చూపకుండా సూచిస్తేనే భయం పుడుతుందన్న నమ్మకం దీని వెనుక ఉంది. 1951 చిత్రం జీవిని ఎక్కువసేపు నీడలోనే ఉంచింది.

భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో దీనికి భిన్నమైన సంబంధం కనిపిస్తుంది. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణం, వీరం నుంచి అద్భుతం పుట్టినట్టే, బీభత్సం నుంచి భయానకం పుడుతుందని అక్కడ చెప్పారు. బీభత్సానికి స్థాయి జుగుప్స. రక్తం మొదలైనవాటి వల్ల కలిగేదానిని క్షోభజమన్నారు. ఈ క్రమంలో జుగుప్స భయానికి శత్రువు కాదు, భయానికి పుట్టిల్లు. భవభూతి ‘మాలతీమాధవం’ ఐదో అంకంలోని శ్మశానదృశ్యం ఈ సంబంధానికి ప్రసిద్ధ లక్ష్యం.

ఈ దృష్టితో చూస్తే ‘ది థింగ్’లోని వికృతరూపాల పని తెలుస్తుంది. నారిస్‌కు గుండె ఆగితే వైద్యుడు కాపర్ బతికించబోతాడు. రోగి ఛాతీ నోరులా తెరుచుకుని వైద్యుడి చేతులను కొరికేస్తుంది. ఆ జుగుప్స కొన్ని క్షణాలదే. ఆ తర్వాత మిగిలే ఆలోచన అసలు భయం: ఇంతటి వికృతి ఇంతసేపూ మనతో మాట్లాడుతున్న ఆ సౌమ్యుడైన మనిషిలో దాగి ఉంది. తర్వాత వచ్చే రక్తపరీక్ష ఘట్టంలో ఎక్కువసేపు తెరపై కనిపించేవి మౌనంగా కూర్చున్న మామూలు ముఖాలే. అయినా ఆ మౌనాన్ని భరించలేం. కారణం, ఆ ముఖాల వెనుక ఏముండగలదో మనం ఒకసారి పూర్తిగా చూశాం. బీభత్సాన్ని దాచి ఉంటే ఈ భయానకం పుట్టేది కాదు. తొలి విమర్శకులు జుగుప్స దగ్గరే ఆగిపోయారు. అక్కడి నుంచి భయానికి వెళ్ళే మెట్టును తర్వాతి ప్రేక్షకులు గుర్తించారు.

7. ముగింపు

1997లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథమాలలో ఆన్ బిల్సన్ ఈ చిత్రంపై ప్రత్యేక గ్రంథం రాయడంతో దీని స్థానం విద్యారంగంలోనూ స్థిరపడింది. దక్షిణధ్రువంలోని అముండ్సెన్-స్కాట్ కేంద్రంలో శీతకాలం గడపడానికి మిగిలే సిబ్బంది, చివరి విమానం వెళ్ళాక ఈ చిత్రాన్ని చూడడం ఆనవాయితీగా పెట్టుకున్నారు. నిజంగా ఆ మంచులో, ఆ ఒంటరితనంలో ఉన్నవారు దీనిని తమ కథగా స్వీకరించారు.

ఈ పరిశీలనలో తేలే అంశాలు మూడు. ఒకటి, ‘ది థింగ్’ విషయంలో కృతి మారలేదు. దానిని చూసే సాధనం, చూసే కాలం, పోల్చే వస్తువులు మారాయి. రెండు, తొలి విమర్శకులు చిత్రలక్షణాలను సరిగానే గుర్తించారు. వాటి ప్రయోజనాన్ని గుర్తించలేదు. వర్ణనను తీర్పుగా పొరబడడం విమర్శకు ఎప్పుడూ పొంచి ఉన్న ప్రమాదం. మూడు, ఆలస్యంగా దక్కిన గౌరవం ముందు జరిగిన నష్టాన్ని పూడ్చదు. 1982లో కార్పెంటర్‌కు చేజారిన అవకాశాలు తిరిగి రాలేదు. భవభూతి ఎదురుచూసిన సమానధర్ముడు భవిష్యత్తులోనే పుట్టాలన్న నియమమేమీ లేదు. ఒక కృతి తన మీద జుగుప్స కలిగించినప్పుడు అక్కడే ఆగిపోకుండా, ఆ జుగుప్స ఎటు తీసుకుపోతున్నదో మరో అడుగు వేసి చూడగలిగితే, సమకాలిక విమర్శకుడే ఆ సమానధర్ముడు కాగలడు.